ఎమిలీ డికిన్సన్: జీవితం, ఉత్తరాలు, కవితలు – తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ ఇంగ్లిష్ పేపర్ కోసం రెండు కవితలు బట్టీ పట్టినవాళ్ళు, అమెరికాలో పిల్లల స్కూలు పుస్తకంలో ఆమె పేరు చూసినవాళ్ళు, వాట్సాప్‌లో ఏదో కోట్ వస్తే ఎవరా అని వెతికినవాళ్ళు అందరూ తిరిగి తిరిగి ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## చదవడం మొదలుపెట్టకముందు

అసలు ఎవరీమె? రెండు ముక్కల్లో చెప్పండి.

1830 డిసెంబరు 10న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఆమ్‌హెర్స్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. 1886 మే 15న అదే ఊళ్ళో, తను పుట్టిన ఇంట్లోనే చనిపోయింది. దాదాపు 1,800 కవితలు రాసింది. బతికుండగా అచ్చయినవి పది దాకా, అవి కూడా పేరు లేకుండా.

ముందు ఏ కవిత చదవాలి?

అందరూ "హోప్ ఈజ్ ద థింగ్ విత్ ఫెదర్స్" అంటారు. మంచిదే, కానీ పోస్టర్ల మీద చూసి చూసి అరిగిపోయింది. నన్నడిగితే "ఎ నారో ఫెలో ఇన్ ద గ్రాస్"తో మొదలుపెట్టండి. పాము మీద కవిత, కానీ అందులో పాము అనే మాటే రాదు. ఉత్తకాళ్ళతో తిరిగే కుర్రాడు ఎండలో పడున్న కొరడా తాడనుకుని తీసుకోబోతాడు, అది కాస్తా మెలికలు తిరిగి మాయమవుతుంది. చివర్లో ఊపిరి బిగుసుకుపోయి ఎముకల్లోకి చలి దిగినట్టు అవుతుంది. పొలం గట్ల మీద నడిచిన అలవాటున్నవాళ్ళకి దీనికి గైడు అక్కర్లేదు. ఆ తర్వాత "ఐయామ్ నోబడీ, హూ ఆర్ యూ", ఆపైన "ఐ హర్డ్ ఎ ఫ్లై బజ్" చదవండి.

ఎక్కడ చూసినా ఒకే ఫొటో ఉంటుందేం?

నిర్ధారణ అయిన ఫొటో అదొక్కటే కాబట్టి. 1847 ప్రాంతంలో, పదహారేళ్ళ వయసులో తీసింది. 1862లో ఒక పెద్దమనిషి ఫొటో పంపమని అడిగితే, ఇప్పుడు లేదని చెప్పి మాటల్లో బొమ్మ గీసి పంపింది: రెన్ పిట్టంత చిన్నదాన్ని, జుట్టు చెస్ట్‌నట్ కాయ తొడుగులా బిరుసు, కళ్ళు అతిథి గ్లాసులో వదిలేసి వెళ్ళిన షెర్రీ వైన్ రంగు. ఫొటో కంటే ఇదే నయం.

## ఇల్లు, కుటుంబం, ఊరు

వాళ్ళది ఉన్నవాళ్ళ కుటుంబమా?

ఊళ్ళో పేరున్న కుటుంబం. తాత శామ్యూల్ ఫౌలర్ డికిన్సన్ ఆమ్‌హెర్స్ట్ కాలేజీ స్థాపకుల్లో ఒకడు. ఆ కాలేజీ కోసమే ఆస్తి కరగబెట్టుకుని ఇల్లు కూడా పోగొట్టుకున్నాడు. తండ్రి ఎడ్వర్డ్ లాయరు, కాలేజీ కోశాధికారి, ఒక విడత అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. 1855లో ఆయన ఆ పాత ఇల్లు తిరిగి కొన్నాడు. అన్న ఆస్టిన్, చెల్లెలు లవీనియా. ఇంట్లో మార్గరెట్ మేహర్ అనే ఐర్లండ్ నుంచి వచ్చిన పనిమనిషి ఉండేది. ఎమిలీకి రాసుకునే తీరిక దొరకడంలో ఈవిడ వాటా తక్కువేమీ కాదు.

ఎంతవరకు చదువుకుంది? కాలేజీ ఎందుకు మానేసింది?

ఆమ్‌హెర్స్ట్ అకాడమీలో 1840 నుంచి 1847 వరకు చదివింది. లాటిన్, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం అన్నీ అక్కడివే. ఆమె కవితల్లో అగ్నిపర్వతాలు, పూల భాగాల పేర్లు అంత ధీమాగా రావడానికి ఆ బడే కారణం. తర్వాత మౌంట్ హోలియోక్ సెమినరీలో ఒక్క ఏడాది. అక్కడ ఆడపిల్లల్ని భక్తి విషయంలో మూడు వర్గాలుగా లెక్కేసేవారు: విశ్వాసం ప్రకటించినవాళ్ళు, ఆశ ఉన్నవాళ్ళు, ఆశ లేనివాళ్ళు. ఈమె మూడో వర్గంలోనే ఉండిపోయింది. అందుకని వెళ్ళగొట్టారని కొందరు కథలు చెబుతారు, అది తప్పు. మధ్యలో ఆరోగ్యం బాగోలేదు, ఇంటి మీద బెంగ, ఆపైన తండ్రి మళ్ళీ పంపకూడదనుకున్నాడు.

నిజంగా గది దాటి బయటికే రాలేదా?

ఇదే అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న. జవాబు: కాదు.

1855లో తండ్రి కాంగ్రెస్‌లో ఉన్నప్పుడు వాషింగ్టన్, ఫిలడెల్ఫియా చూసొచ్చింది. 1864లోనూ 1865లోనూ కళ్ళ వైద్యానికి నెలల తరబడి బోస్టన్ పక్కన కేంబ్రిడ్జిలో నార్‌క్రాస్ కజిన్స్ దగ్గర ఉంది. కార్లో అనే పెద్ద న్యూఫౌండ్‌లాండ్ కుక్కని వెంటబెట్టుకుని ఊరి చుట్టూ తిరిగేది. 1856లో ఊరి పశువుల సంతలో ఆమె చేసిన రై, మొక్కజొన్న పిండి రొట్టెకి రెండో బహుమతి వచ్చింది. 400కి పైగా మొక్కలు ఎండబెట్టి, పేర్లు రాసి అతికించిన ఆల్బమ్ ఉంది.

ముప్ఫై అయిదు దాటాక రాకపోకలు తగ్గిన మాట నిజం. 1869 నాటికి, మా నాన్న స్థలం దాటి ఏ ఇంటికీ ఏ ఊరికీ వెళ్ళనని తనే రాసింది. ఇంటికొచ్చిన చాలామందితో తలుపు చాటు నుంచి మాట్లాడేది. అయినా వీధిలో పిల్లలకి పైకిటికీ నుంచి బుట్ట దింపి జింజర్‌బ్రెడ్ ఇచ్చేది. రొట్టె ఇంట్లోవాళ్ళకి, పూలు పక్కింటికి, ఉత్తరాలు అమెరికా అంతటా. ఎవరిని కలవాలి, ఎలా కలవాలి అన్నది మాత్రం తన చేతిలో పెట్టుకుంది. పెళ్ళి, పేరంటం, పలకరింపుల్లో ఆడవాళ్ళ రోజంతా గడిచిపోయే ఆ కాలంలో ఇది చిన్న లాభం కాదు.

తెల్లబట్టలే వేసుకునేదట?

చివరి ఏళ్ళలో ఎక్కువగా తెలుపే. దాన్ని వైరాగ్యమనీ, పెళ్ళికూతురి వేషమనీ రకరకాలుగా రాశారు. ఆ గౌన్లలో ఒకటి ఇప్పటికీ ఉంది. చూస్తే ఉతుక్కోవడానికి వీలైన మామూలు కాటన్ ఇంటి గౌను, ముందు గుండీలు, పక్కన ఒక జేబు. చిన్న కాగితం, పెన్సిల్ ముక్క పట్టే జేబు.

పెళ్ళెందుకు చేసుకోలేదు? ప్రేమ వ్యవహారం ఉందా?

"మాస్టర్" అని సంబోధిస్తూ రాసిన మూడు ఉత్తరాల చిత్తుప్రతులు దొరికాయి. ఆ మాస్టర్ ఫిలడెల్ఫియా మతగురువు చార్లెస్ వాడ్స్‌వర్త్ అనీ, పత్రికా సంపాదకుడు శామ్యూల్ బౌల్స్ అనీ ఎవరి వాదన వాళ్ళది, ఏదీ రుజువు కాలేదు. చివర్లో మాత్రం తండ్రి స్నేహితుడైన జడ్జి ఓటిస్ లార్డ్‌తో ప్రేమ నడిచింది. భార్య పోయిన ఆయన, యాభైకి దగ్గరపడ్డ ఈమె. పెళ్ళి మాట కూడా వచ్చింది, ఆమె ఒప్పుకోలేదు. 1884లో ఆయన చనిపోయాడు.

ఇంతమంది మగవాళ్ళ పేర్లు వెతికేవాళ్ళు వదిన సూసన్‌ని మర్చిపోతారు. ఎమిలీ కంటే తొమ్మిది రోజులు చిన్న, చిన్నప్పటి స్నేహితురాలు. 1856లో ఆస్టిన్‌ని చేసుకుని పక్కింట్లో కాపురం పెట్టింది. ఆమెకి పంపినన్ని కవితలు ఎమిలీ ఇంకెవరికీ పంపలేదు. పాత ఉత్తరాల్లో కొన్నిచోట్ల సూసన్ ప్రస్తావనల్ని ఎవరో తర్వాత గీకేశారు, కత్తిరించేశారు. గీకిన గుర్తులు కాగితం మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

## ఉత్తరాలు

ఎన్ని ఉత్తరాలు మిగిలాయి?

1958 సంపుటాల్లో 1,049 ఉన్నాయి. 2024లో హార్వర్డ్ వేసిన కొత్త సంపుటంలో 1,304. ఆమె రాసినవాటిలో ఇది కొంత భాగమే. ఆమెకి వచ్చిన ఉత్తరాల్ని, అప్పటి ఆనవాయితీ ప్రకారం, చనిపోయాక చెల్లెలు తగలబెట్టింది. అందుకే ఫోనులో ఒకవైపు మాటలే వింటున్నట్టు ఉంటుంది.

ఉత్తరాలు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఎలా చదవాలి?

చాలామంది 1860ల తర్వాత ఉత్తరాలు ముందు తెరిచి బెదిరిపోతారు. పదిహేను, ఇరవై ఏళ్ళప్పుడు స్నేహితురాలు అబియా రూట్‌కీ, అన్న ఆస్టిన్‌కీ రాసినవి ముందు చదవండి. కబుర్లు, వెటకారం, ఇంట్లోవాళ్ళ మీద చాడీలు. వయసు పెరిగేకొద్దీ ఉత్తరం కురచవుతుంది. రెండు వాక్యాలు, ఒక పువ్వు, అంతే. కొన్నిసార్లు మాటల మధ్యలోంచే కవిత మొదలవుతుంది, ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. ఒకే కవిత ఇద్దరు ముగ్గురికి వేరువేరు సందర్భాల్లో పంపేది కూడా. తన కవితల్ని లోకానికి అందించే దారి ఆమె వరకు పోస్టే.

హిగ్గిన్సన్ ఎవరు? ఆయన కవితలు బాగోలేదన్నాడట కదా?

1862 ఏప్రిల్ అట్లాంటిక్ మంత్లీ పత్రికలో థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్ కొత్త రచయితలకు సలహాలిస్తూ వ్యాసం రాశాడు. అది చదివి ఏప్రిల్ 15న ఎమిలీ ఆయనకు నాలుగు కవితలు పంపింది. నా పద్యానికి ప్రాణం ఉందో లేదో చెప్పే తీరిక మీకుందా అని అడిగింది. ఉత్తరం కింద సంతకం లేదు. పేరు విడిగా ఒక కార్డు మీద పెన్సిల్‌తో రాసి, చిన్న కవరులో దాచి, పెద్ద కవరులో పెట్టింది.

పద్యం నడక కుదుపుగా ఉందనీ, అచ్చుకి తొందరపడొద్దనీ ఆయన సలహా. ఆమె వినయంగా "మీ శిష్యురాలు" అని సంతకం పెడుతూ ఇరవై ఏళ్ళకు పైగా ఉత్తరాలు రాసింది, తన పద్యాల్లో మాత్రం ఆయన చెప్పినట్టు ఒక్క అక్షరం మార్చలేదు. 1870 ఆగస్టు 16న ఆయన ఇంటికొచ్చినప్పుడు చేతిలో రెండు లిల్లీ పూలు పెట్టి, ఇవే నా పరిచయం అంది. తల పైభాగం ఎగిరిపోయినట్టు అనిపిస్తే అదే కవిత్వం అని చెప్పింది అప్పుడే. తన నరాల్లోని శక్తినంతా ఇంతగా పీల్చేసిన మనిషిని చూడలేదనీ, ఈమె పక్కింట్లో లేకపోవడం తన అదృష్టమనీ ఆయన భార్యకి రాశాడు.

ఆయన్ని వెక్కిరించడం ఇప్పుడు ఫ్యాషన్. బానిసత్వానికి ఎదురు నిలిచినవాడు, అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికుల రెజిమెంటుకి నాయకత్వం వహించినవాడు. కవిత్వం పూర్తిగా అందకపోయినా ఉత్తరాలకు జవాబివ్వడం మానలేదు. మీరు నా ప్రాణం నిలబెట్టారు అని ఆమే ఆయనకి రాసింది.

## కవితలు

ఇన్ని డాష్‌లు ఎందుకు?

ఊపిరి ఆగాల్సిన చోటు, ఆలోచన మలుపు తిరిగే చోటు గీత పెట్టింది. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, కొన్ని వాలుగా. వ్యాకరణం కోసం కాదు, కాబట్టి పరీక్ష పేపర్లో ప్రతి డాష్‌కీ ఒక అర్థం రాయాలని టెన్షన్ పడకండి. బయటికి చదవండి, గీత దగ్గర ఒక్క క్షణం ఆగండి. సగం కవితలు అప్పుడే విడిపోతాయి.

ప్రాస కలవదేమిటి? ఛందస్సు తెలియకనా?

బాగా తెలిసే. చర్చి పాటల కొలత ఆమెకి చిన్నప్పట్నుంచీ వచ్చు. ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు అక్షరాలు వచ్చే నాలుగు పాదాలు. మన ఆటవెలదిలో ఒక పాదం ఒకలా, పక్క పాదం ఇంకోలా నడిచినట్టే ఇదీ మారుతూ నడుస్తుంది. "అమేజింగ్ గ్రేస్" అనే చర్చి పాట బాణీలో ఆమె కవితలు చాలా పాడుకోవచ్చు, ప్రయత్నించండి. ఆ నడక మీద చెవికి నమ్మకం కుదిరాక ప్రాసని కావాలని తప్పిస్తుంది. "సోల్" అన్నదానికి "ఆల్" జత చేస్తుంది. పూర్తిగా కలిస్తే వచ్చే హాయి ఆమెకి అక్కర్లేదు.

కవితలో "నేను" అంటే ఆమేనా?

కాదు. 1862 జులైలో హిగ్గిన్సన్‌కి తనే స్పష్టంగా రాసింది: పద్యంలో మాట్లాడేది నేను కాదు, ఊహించుకున్న ఒక మనిషి. పాము కవితలో ఆ మనిషి మగపిల్లాడు. ఇంకోచోట చనిపోయి మాట్లాడుతుంది. ప్రతి కవితనీ ఆమె జీవితానికి ముడిపెట్టి "ఇది ఫలానా ఆయన గురించే" అనే వ్యాసాలు చాలా ఉన్నాయి. వాటితో కాలక్షేపం అవుతుంది, కవిత మాత్రం అర్థం కాదు.

ఎప్పుడూ చావు గురించేనా?

చావు ఎక్కువే. 1840 నుంచి 1855 వరకు ఉన్న ఇంటి పక్కనే ఊరి శ్మశానం, శవయాత్రలు కిటికీలోంచి కనిపించేవి. జ్వరాలకీ క్షయకీ తోటివాళ్ళు రాలిపోయిన కాలం. 1862 మార్చిలో ఆమ్‌హెర్స్ట్ కాలేజీ అధ్యక్షుడి కొడుకు ఫ్రేజర్ స్టర్న్స్ అంతర్యుద్ధంలో చనిపోతే, అన్న ఆస్టిన్ ఎలా కుదేలయ్యాడో ఆమె ఉత్తరాల్లో ఉంది. ఆమె అత్యధికంగా రాసింది కూడా ఆ యుద్ధ సంవత్సరాల్లోనే. ఒక్క 1863లోనే 295 కవితలని, ఆమె కవితలన్నీ 1998లో వేసిన సంపాదకుడు రాల్ఫ్ ఫ్రాంక్లిన్ లెక్క. అయితే తేనెటీగల మీద, శీతాకాలపు మధ్యాహ్నం వెలుతురు మీద, పెద్దమనుషుల డాబు మీద రాసినవి కూడా బోలెడు. తేనెటీగని తాగుబోతును చేసి నవ్వించగలదు.

ఆమె కవితలో గోల్కొండ ఉందట, నిజమేనా?

ఉంది. 1862 ప్రాంతంలో రాసి సూసన్‌కి పంపిన "యువర్ రిచెస్ టాట్ మి పావర్టీ" అనే కవిత. నీ సంపద చూశాకే నా పేదరికం తెలిసింది అంటూ మొదలై, రోజూ నిన్ను చూడగలిగేవాళ్ళకి అది ఇండియాయే, నీ నవ్వు రోజూ దక్కితే అది గోల్కొండే అంటుంది. కృష్ణా తీరపు గనుల్లో తవ్వి గోల్కొండలో అమ్మిన వజ్రాల వల్ల ఆ పేరు అప్పటికి ఇంగ్లిష్‌లో అంతులేని సంపదకి మారుపేరైంది. ఆమెకి మన ప్రాంతం గురించి ప్రత్యేకంగా ఏదో తెలుసనుకోనక్కర్లేదు. పెరూ, బ్రెజిల్ పేర్లు కూడా అలాగే వాడుకుంది.

బతికుండగా ఎందుకు అచ్చు వేయించలేదు?

అవకాశం లేక కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ సంపాదకుడు బౌల్స్ ఇంటి స్నేహితుడే. ఆ పత్రికలో 1866లో పాము కవిత వచ్చింది, "ద స్నేక్" అని తగిలించిన శీర్షికతో. మూడో పాదం చివర విరామచిహ్నం పెట్టి, నాలుగో పాదంతో కలిసి నడవాల్సినదాన్ని విరిచేశారు. తన కవితని దోచుకుపోయారని హిగ్గిన్సన్‌కి రాసింది. ఒక్క చిహ్నానికే అంత బాధపడ్డ మనిషి సంపాదకుల చేతికి కట్టలకొద్దీ ఎలా ఇస్తుంది? అదే ఊళ్ళో పుట్టిన రచయిత్రి హెలెన్ హంట్ జాక్సన్ మాత్రం వదల్లేదు. నువ్వు గొప్ప కవివి, నీ కాలానికి పాట వినిపించకపోవడం అన్యాయం అని దెబ్బలాడి, 1878లో ఒక సంకలనంలో ఒక కవిత వేయించింది. పేరు లేదు కనుక అది అప్పటి ప్రసిద్ధ రచయిత ఎమర్సన్ రాసిందనుకున్నారు జనం.

## చనిపోయాక

కవితలన్నీ కాల్చేయమందా? మరి ఎలా దొరికాయి?

కాల్చేయమన్నది ఉత్తరాల్ని. లవీనియా ఆ పని చేస్తూ ఉంటే కవితలు బయటపడ్డాయి. మడిచిన కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచున రెండు రంధ్రాలు పొడిచి, దారంతో కట్టిన చిన్న పుస్తకాలు. మొత్తం నలభై. 1858 నుంచి ఆరేడేళ్ళ పాటు చేసింది. కొన్నిచోట్ల మాట పక్కన చిన్న కూడిక గుర్తు, పేజీ అడుగున దానికి బదులు వాడదగ్గ రెండు మూడు మాటలు. ఏది ఉంచాలో తేల్చకుండానే వదిలేసింది. చివరి ఏళ్ళవి కవర్ల వెనక, చాక్లెట్ కాగితం మీద, ఒకటి కొబ్బరి కేకు రెసిపీ వెనక కూడా ఉన్నాయి.

మేబెల్ టాడ్ గొడవ ఏమిటి?

ఇది సీరియల్‌కి సరిపడా కథ. లవీనియా ముందు కవితల్ని సూసన్‌కి ఇచ్చింది. ఆమె నెమ్మదిగా చేస్తోందని విసిగి మేబెల్ లూమిస్ టాడ్‌కి ఇచ్చింది. ఈ మేబెల్ కాలేజీ ఖగోళశాస్త్ర ప్రొఫెసర్ భార్య, 1882 నుంచి ఆస్టిన్ ప్రియురాలు. అంటే సూసన్‌కి సవతి లాంటిది. ఎమిలీ బతికుండగా ఆమె ఇంటికి వచ్చి పియానో వాయించింది, ఎమిలీ లోపలి నుంచి విని వైన్ గ్లాసు, కవిత పంపింది, కానీ ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకోనే లేదు.

మేబెల్, హిగ్గిన్సన్ కలిసి 1890 నవంబరులో బోస్టన్‌లో మొదటి పుస్తకం తెచ్చారు. రెండేళ్ళు తిరక్కముందే పదకొండు ముద్రణలు పడ్డాయి. 1895లో ఆస్టిన్ పోయాడు. ఒక చిన్న స్థలం ముక్క మీద లవీనియా, మేబెల్ కోర్టుకెక్కారు, 1898లో లవీనియా గెలిచింది. కోపంతో మేబెల్ తన దగ్గరున్న కవితల్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. మిగిలినవి సూసన్ ఇంట్లో. తర్వాత సూసన్ కూతురు మార్తా ఒకవైపు, మేబెల్ కూతురు మిలిసెంట్ ఇంకోవైపు విడివిడిగా పుస్తకాలు వేసుకున్నారు. ఆ పంపకాల ఫలితంగా కాగితాలు ఇప్పటికీ కొన్ని హార్వర్డ్‌లో, కొన్ని ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో ఉన్నాయి.

ఒకే కవిత నెట్‌లో రెండు రకాలుగా ఉంది. ఏది అసలు?

శీర్షిక ఉండి, డాష్‌లు లేకుండా ఉంటే అది 1890ల నాటి సవరించిన పాఠం. "బికాజ్ ఐ కుడ్ నాట్ స్టాప్ ఫర్ డెత్" తీసుకోండి. దానికి "ద చారియట్" అని పేరు పెట్టి, సూర్యుడే మమ్మల్ని దాటిపోయాడనే చరణం మొత్తం లేపేశారు. బడి పిల్లల గురించిన పాదం కూడా మార్చారు. ఆమె రాసినట్టుగా అన్ని కవితలూ 1955లో థామస్ జాన్సన్, మళ్ళీ చూసి 1998లో రాల్ఫ్ ఫ్రాంక్లిన్ వేశారు. పాఠం ఏదో చూసుకోకుండా వ్యాసం రాస్తే లేని చరణాన్ని విశ్లేషించే ప్రమాదం ఉంది.

కవిత పక్కన జె 712, ఎఫ్ఆర్ 479 అని ఉంటుంది, ఏమిటది?

ఆమె శీర్షికలు పెట్టలేదు కాబట్టి నంబర్లే గుర్తు. జె అంటే జాన్సన్ వరస (1,775 కవితలు), ఎఫ్ఆర్ అంటే ఫ్రాంక్లిన్ వరస (1,789). ఆ రెండు నంబర్లూ "బికాజ్ ఐ కుడ్ నాట్ స్టాప్"వే.

సమాధి మీద "కాల్డ్ బ్యాక్" అని ఎందుకుంది?

చనిపోయే ముందు నార్‌క్రాస్ కజిన్స్‌కి రాసిన ఆఖరి ఉత్తరం అదే. వెనక్కి పిలుపొచ్చింది, కింద పేరు, అంతే.

ఆ ఇల్లు చూడొచ్చా?

చూడొచ్చు. ఆమె ఇల్లు, పక్కనే ఆస్టిన్, సూసన్‌ల ఇల్లు కలిపి 2003 నుంచి మ్యూజియం. బోస్టన్ నుంచి కారులో రెండు గంటలు. పైగదిలో ఆమె రాసుకున్న బల్ల ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యపోతారు. ఏడాదిలో కొన్ని నెలలు మూస్తారు, తేదీలు చూసుకుని బయల్దేరండి.

డబ్బు పెట్టకుండా చేతిరాత ప్రతులు చూసే దారి ఉందా?

ఎమిలీ డికిన్సన్ ఆర్కైవ్ అని 2013లో మొదలైన వెబ్‌సైట్ ఉంది. హార్వర్డ్, ఆమ్‌హెర్స్ట్ కాలేజీల దగ్గరున్న కవితల స్కాన్లు అందులో ఉచితం. మొదటి పాదం టైప్ చేస్తే చేతిరాత పేజీ, పక్కన అచ్చు పాఠాలు వస్తాయి. ఫోనులో గీతలు సరిగా కనిపించవు, పెద్ద స్క్రీన్ మీద తెరవండి.